రబ్బరు ముద్ర

ప్రకాశం బజార్ల ముద్రలు చెక్కే ఖాదర్ సాబుకు
పన్నెండు రూపాయలు ఇచ్చి వచ్చినం.
"సోదర సంఘం, డిగ్రీ కాలేజీ, నల్లగొండ" –
రాసిచ్చింది నేనే, ఇంకుపెన్నుతోటి, గుండ్రంగ.
మూడోనాడు చేతికొచ్చిన ముద్రల
ఘ లేదు. గ ఉన్నది.
సోదర సంగం.

పర్వతాలు పడి పడి నవ్విండు.
"మా నాయినమ్మ గిట్లనే అంటది,
సంగపోళ్లు రాత్రిపూట అంబలి తాగి పోయిన ముచ్చట
చెప్పేటప్పుడు."
మళ్ల పన్నెండు రూపాయలు ఎవని తాన ఉన్నయి?
తప్పుతోటే పుట్టినం.

ముద్రకు ముందు అర్ర.
రామగిరి దిక్కు, సిమెంటు గోదాం పక్కన,
రేకుల కింద ఐదుగురం.
ఒక్కటే స్టవ్, దాని వత్తులు గూడ చందాకే.
సైదులుది దేవరకొండ దిక్కు తండాల పక్క ఊరు,
మొహియుద్దీన్ మిర్యాలగూడ రైసుమిల్లు హమాలీ కొడుకు.
ఇద్దయ్యది మునుగోడు దాటినంక –
బోరునీళ్లు వాని మోకాళ్లల్ల కూసున్నయి,
మెట్లెక్కాలంటే గోడను అడిగి ఎక్కుతడు.

సంఘం పెట్టాలని ఎవ్వడు అనుకోలె.
ఇద్దయ్య పరీక్ష ఫీజు ఎనభై ఆరు రూపాయలు,
ఆఖరి తారీఖు రేపు.
వాడు పెట్టె సదురుకుంటుండు, సప్పుడు లేకుంట.
సైదులు లేసి గిలాస బోర్లించిండు,
చిల్లర బండల మీద దొర్లింది.
మొహియుద్దీన్ గడియారం మార్వాడి తానకు పోయింది.
పొద్దుగాల క్లర్కు రశీదు రాసుకుంట
"కట్టేటోడెవరు?" అన్నడు, తల ఎత్తకుంట.
నాలుగు నోర్లు ఒక్కపారే తెరుసుకున్నయి.
గదే మా తొలి మీటింగు.

తర్వాత రెండొందల పేజీల నోటుబుక్కు. ఖజాంచిని నేను.
నెలకు రెండు రూపాయలు, లేనోడు నీళ్లు మొయ్యాలె.
ఇంటిపేరు అడిగినోడు వారం దినాలు గిన్నెలు తోమాలె.
ఆ రూలుకు మొదలు దొరికింది గూడ నేనే.
కొత్తగ వచ్చిన పిలగాన్ని అలవాటుగ అడిగిన,
అడిగినంక నాలిక కరుసుకున్న.
ఏడు దినాలు బూడిదతోటి తోమిన.
ఎనిమిదో నాడు గూడ చెయ్యి గిన్నె దిక్కే పోయింది.

ఐదు పదకొండైంది, పదకొండు ముప్పై ఏడైంది.
గోదాం సేటు ఇంకో అర్ర ఇచ్చిండు, దాని తలుపు మేమే పెట్టుకున్నం.
ఒకపాలి పందొమ్మిది రూపాయలు తక్కువొచ్చి
మూడునాళ్లు ఎవ్వడు ఎవ్వని మొఖం సూడలె.
తీసింది ఎవరో నాకు ఎరుకే.
నోటుబుక్కుల "స్టవ్ రిపేరు" అని రాసిన.
అప్పుడు చెప్పలె. గిక్కడ గూడ చెప్ప.

రెండో ఏడు, ఎండలు ముదరక ముందే,
అండాలు వచ్చి గడపల నిలబడ్డది,
వెనుక ఇంకో నలుగురు ఆడిపిల్లలు.
"రెండు రూపాయలు తెచ్చిన. రశీదు రాయి."
నేను ముద్ర దిక్కు సూసిన.
సోదర అని ఉన్నది గద, అన్న.
"సదువుకున్నోళ్లే గద, కొట్టేయుండ్రి."

అర్ధరాత్రి దాక లొల్లి.
నలుగురు లేసి పోయిండ్రు, ఇద్దరు మళ్ల రాలె.
పర్వతాలు అలిగి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.
అప్పుడు ఇద్దయ్య గోడ పట్టుకొని లేసి
గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చిండు.
కందిలి దగ్గరికి గుంజుకొని,
నాలిక కొస పంటికింద పెట్టుకొని,
తిరగేసిన అక్షరాలు కూడబలుక్కుంట
సో, ద, ర – ఒక్కొక్కటి గీకి తీసిండు,
సంగం మీద గాటు పడకుంట.

తెల్లారి అండాలు రశీదు, నంబరు ముప్పై ఎనిమిది.
ముద్ర గుద్దిన.
ఎడమ దిక్కు ఖాళీ, కొంచెం సిరా మరక,
అటెనుక సంగం.
ఖాదర్ సాబు కొత్తది చెక్కిస్త, పైసలొద్దన్నడు.
మేమే వద్దన్నం.

తర్వాత వచ్చినోళ్లు అడిగేటోళ్లు,
గీ ఖాళీల ఏముండె అని.
సైదులు ఒక్కొక్కనికి ఒక్కో అబద్ధం చెప్పెటోడు.
ఇద్దయ్య రశీదు మీది ఆ జాగను
బొటనవేలుతోటి మెల్లగ తడిమి,
వేలు దీపానికి పట్టి సూసుకొని,
"ఇంక ఆరలే" అనెటోడు.