340వ లైను

శనివారం సాయంత్రాలు డాబాగార్డెన్స్‌లో మేడమీది గది.
స్టెన్సిల్ సిరా ఆరని వాసన.
పిల్లా సింహాద్రప్పడు గారు ఉత్తరాల సంచి
నా ముందు బోర్లించి
"ఏటి రాసీసేరో సూడు బాబూ" అని
టీకి దిగిపోయేవారు.

పగలు పోర్టులో లారీల లెక్క,
రాత్రి "మీ సందేహాలు" పేజీకి నేనే జవాబు.
పత్రిక ఏడొందల ముప్ఫై కాపీలు.
ఊళ్లో ఇళ్లల్లో కంప్యూటర్లు, మా ఎరుకలో, పదకొండు.
మిగతావాళ్లు దాన్నేం చేసుకుంటారో
నాకెప్పుడూ తోచలేదు.

మల్కాపురం నించి ఒకాయన:
"క్యాసెట్టు ఆరు నిమిషాలు కూసింది సార్,
ఎర్ర గీతలు, నీలి గీతలు, ఆఖర్న ఒక్కటే మాట, తప్పు అని.
ఎవరిది?"

పాత పోస్టాఫీసు వీధి నించి ఇన్లాండు లెటరు:
"మీ జాతకం ప్రోగ్రాము మా ఆవిడకి
మూడు నక్షత్రాలు చెప్పింది.
ఏది ఉంచమంటారు?"

ఉప్పుగాలికి టేపు హెడ్డు తుప్పు పడుతోందని
బీచిరోడ్డు డాక్టరుగారబ్బాయి.
స్పిరిట్టు, దూది, ఓపిక అని రాశాను.
ఓపిక కొట్టేశారు సింహాద్రప్పడు గారు.
జాగా లేదన్నారు.

ఆగస్టు ముసురులో వచ్చింది ఆ కవరు,
కంచరపాలెం ముద్రతో, ఓ మూల తడిసి.
లోపల రూళ్ల పుస్తకంలోంచి చింపిన పదమూడు కాగితాలు.
మళ్ల నూకరత్నం, జాకెట్లు కుడతాను,
తన గురించి అంతే.

"జూన్‌లో చేపల పడవ ఆట వేశారు కదండి.
మా ఇంట్లో కంప్యూటరు లేదు,
అందుకని నేనే నడిచాను.
ఎక్స్ అంటే అగ్గిపెట్టె, వై అంటే సబ్బుపెట్టె,
లోపల చింతపిక్కలు.
వెయ్యమంటే వేశాను, తియ్యమంటే తీశాను,
120 నించి 200కి పొమ్మంటే పోయాను.
340 దగ్గర పడవ ఒడ్డుకి రాదండి.
వెనక్కి 290కి పొమ్మంటుంది,
మళ్లీ తిరిగి అక్కడికే.
రాత్రి పదకొండు దాకా తిరిగాను,
దీపం ఆర్పీమని మా తమ్ముడు తిట్టీదాకా.
ఆ గుర్తు కొక్కెంలా ఉంది చూడండి,
అది తిరగబడి కుట్టినట్టుంది."

చూశాను.
తిరగబడే ఉంది.
ఆ స్టెన్సిలు కొట్టింది నేనే.

రెండు నెలల్లో ఆ ఆట మీద
యంత్రాలున్నవాళ్లు రాసినవి మూడు.
ఒకరు చాలా కష్టమన్నారు.
ఒకరు మిషను పాడైందని రిపేరుకిచ్చారు.
ఒకరు మెచ్చుకున్నారు,
అచ్చం సముద్రంలాగే ఉంది, తెమలదు అని.

సెప్టెంబరులో వేశాం:
"సవరణ. 340వ లైనులో గుర్తు తారుమారైనట్టు
మా దృష్టికి వచ్చింది."
వచ్చింది. దానంతటదే,
చలికాలం వచ్చినట్టు.

దీపావళి ముందర ఆవిడ కార్డు:
"సవరణ చూశానండి. పడవ ఒడ్డుకి చేరింది.
సబ్బుపెట్టెలో పదిహేడు పిక్కలు మిగిలాయి.
అన్ని మిగలాలా?"

ఆ రాత్రి మేడమీద, ఆఫీసు స్పెక్ట్రమ్ ముందు కూచున్నాను.
రెండుసార్లు కరెంటు పోయింది.
మూడోసారి పడవ ఒడ్డెక్కింది.
తెర మూల ఒక అంకె.

జవాబు డిసెంబరు సంచికకి రాసుంచాను.
డిసెంబరు సంచిక రాలేదు.
కాగితం వాళ్ల బాకీ, ప్రెస్సు వాళ్ల బాకీ,
సింహాద్రప్పడు గారు తాళంచెవి
కింద కిళ్లీకొట్లో ఇచ్చి వెళ్లిపోయారు.

నూకరత్నం గారూ,
అవునండి, పదిహేడే.
ఇంకోటి. సెప్టెంబరు పేజీ అడుగున
మూడు లైన్ల జాగా ఉంది.
అక్కడ గోళీసోడా ప్రకటన వేశాం.