గోనెన్న పన్నెండో పుస్తకం

పదకొండు పుస్తకాలు నవ్వించాడు గోనెన్న.
తాటిచెట్టంత మనిషి, ఒళ్ళంతా గోనెపట్టా,
బొడ్డు దగ్గర సగం చెరిగిన మిల్లు ముద్ర.
నడిస్తే వెనకాల సన్నటి ఇసుక గీత;
అది పట్టుకుని తప్పిపోయిన మేకపిల్లలు ఇల్లు చేరేవి.
ఒకసారి చందమామని గోతంలో దాచి
పోలీసుల్ని తెల్లార్లూ చీకట్లో తిప్పాడు.

ఎవర్నీ ఎత్తుకోడు. అదొక్కటే.
అనుకుని వేసింది కాదు, చెయ్యి అలా వెళ్ళింది.

నెల్లిమర్ల బళ్ళో నాలుగో తరగతి గుంట
కనకరత్నం, ముక్కు ఎగబీల్చి అడిగింది:
"అందరూ ఆడి మీదకి ఎగబడతారు గదా,
ఆడేటి, సేతులు ఎనక్కెట్టేసుకుంతాడు?"

జవాబు నా బల్ల సొరుగులో ఉంది,
ముప్ఫయ్యేళ్ళుగా, దబ్బనం పక్కన.

అందుకే ఈ పుస్తకానికి రంగుల్లేవు.
మొదటి పేజీ చంపావతి.
వాన మొత్తం నిబ్బుతోనే, గీత గీతా,
మణికట్టు లాగేదాకా.
తరవాత మిల్లు గేటు. రాత్రి షిఫ్టు ఆపేసి
గోతాలు గట్టుకి మోస్తున్న మనుషులు,
జుట్టు నిండా జనపనార పొట్టుతో మా అయ్య.
ఇసుక కూరి, మూతి కుట్టి, వరస మీద వరస.
అప్పటికి వాడింకా గోనెన్న కాడు.
గోడ.

నాలుగో పేజీలో గోడకి ఊపిరొస్తుంది.
కథ గనక రావచ్చు.
పైవరసలో ఒక గోతాం మీద తలపెట్టి
అసిరిగాడు నిద్రపోయాడు. ఆరేళ్ళు. మా తమ్ముడు.
అయ్యకి క్యారేజీ తెచ్చి, వాన తగ్గాక పోదామని.

ఆ గోతాం నేను కుట్టింది.
చలికి వేళ్ళు కొంకర్లు పోయి
కుట్లు ఎడంగా పడ్డాయి.
ఇది గడిలో లేదు.

గడిలో ఉన్నది ఇదీ:
గోడ తన కడుపులోంచి ఇసుక జారడం వింటుంది.
ఒరే లే, అనాలి. నోరింకా ఎవరూ కుట్టలేదు.
ఒక్కో రేణువునీ బతిమాలుకుంటుంది.

తరవాతి పేజీ నల్లగా వేశాను.
"పిల్లల పుస్తకమమ్మా" అన్నారు మహంతి గారు,
"నీళ్ళలో ఒక చెయ్యైనా చూపించండి."
చూపించలేదు.
ఆ రాత్రి మాకూ కనపడలేదు.

కోనాడ దగ్గర, ఏరు సముద్రంలో కలిసేచోట
ఖాళీ గోతాలు ఒడ్డుకొచ్చాయి.
ఎవరో ముసలిది ఏరి, ఎండేసి,
వలదారంతో అన్నిట్నీ ఒకే ఒంటికి కుట్టింది.
కళ్ళకి రెండు గవ్వలు. చివర్న నోరు.
"నవ్వడం వచ్చేట్రా నీకు?"
"నేర్పితే వస్తాది."

పుస్తకం బడికి పంపాను.
వారానికి తిరిగొచ్చింది, మూలలు నలిగి,
ఆఖరి బొమ్మలో గోనెన్న పొట్ట నిలువునా
పెన్సిలు కుట్లతో.
కింద వంకర అక్షరాలు:
ఇంక కారదు. ఎత్తుకోమను.

లెక్కపెట్టాను. పదిహేడు.
సందు లేకుండా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
ఆఖరిది మాత్రం గడి గీత దాటిపోయి
నా పేరు మీద పడింది.