అస్పష్ట శబ్దం

నా పని టైపు చేయడం.
నెవాడాలో, చలి పోయీ పోని మార్చి నెల రాత్రి,
బడి వ్యాయామశాలలో
బాస్కెట్‌బాల్ బుట్ట కింద నా బల్ల.
ఎవరేమన్నా పొల్లు పోకుండా ఎక్కించాలి.
తల ఆడించకూడదు, నిట్టూర్చకూడదు,
వీలైతే తుమ్మకూడదు.

చేదుగిన్నె లోయ అడుగున లిథియం ఉందట.
లోయ ఎవరిదీ కాదు, అంటే అందరిదీ.
అందుకని అందర్నీ అడుగుతున్నారు,
మనిషికి మూడు నిమిషాలు.
పచ్చ దీపం, పసుపు దీపం, ఎర్ర దీపం.

మొదటి గంటంతా కంపెనీవాళ్ల పటాలే.
ఊటలకి అంకెలు వేసుకొచ్చారు, ఒకటి నుంచి నలభై మూడు.
అప్పుడు గ్రేసియన్ ఇతురాల్దే లేచాడు,
గొర్రెలు కాసిన బాస్క్ తాతకి మనవడు.
టోపీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలీక మళ్లీ తలకే పెట్టుకుని
ఊటల పేర్లు చదవడం మొదలుపెట్టాడు.
కుంటిగొర్రె ఊట.
ఉత్తరం రాని ఊట.
రెండు సిగరెట్ల ఊట, నడిస్తే అంత దూరమని.
ఇరవై ఆరో పేరు దగ్గర ఎర్ర దీపం వెలిగింది.
"ఇంకా ఉన్నాయి" అన్నాడు.
అదీ టైపు చేశాను.

వెర్లా స్నాప్, పైయూట్ ముసలమ్మ, మైకు అక్కర్లేదంది.
"మీ కాగితాల్లో నూట పన్నెండో పేజీలో
ఖాళీ భూమి అని రాశారు.
మా అమ్మమ్మని అక్కడే పడుకోబెట్టాం.
రాయి పాతలేదు.
రాయి కనిపిస్తే ఎవడో ఒకడు తవ్వి చూస్తాడని."
ఇంకా రెండు నిమిషాలున్నాయి.
వెళ్లి కూర్చుంది.

రోస్కో ప్లమ్మర్, బోర్లు వేసేవాడు, గబగబా మాట్లాడాడు.
"నేనూ ఈ దుమ్ములో పుట్టినవాణ్నే.
నా కూతురి ఇన్సులిన్‌కి కోళ్లు డబ్బులివ్వవు.
మీ జేబుల్లో ఫోన్లు ఏ చెట్టుకి కాశాయి?"
ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ అరవలేదు.
అతని గొంతులో జీరని పట్టే మీట
నా యంత్రంలో లేదు.

ఎనభై ఎనిమిదో పేరు, ఇనెజ్. తొమ్మిదేళ్లు.
మైకు వంచారు.
"నేను మాట్లాడను, సేజ్ కోడి ఏమంటుందో చెప్తాను" అంది.
బుగ్గలు పూరించి, కళ్లు మూసుకుని,
లోతు కుండలో రెండు చినుకులు పడ్డట్టు
ఒక చప్పుడు చేసింది.
ఆగింది. మళ్లీ చేసింది. మళ్లీ.
కంపెనీ వకీలు నవ్వాడు, కాసేపటికి మానేశాడు.
మూడు నిమిషాలు ఎంత పొడుగో
ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అప్పుడే తెలిసింది.
నిబంధన ప్రకారం ఇలాంటివాటికి ఒకటే మాట రాయాలి:
అస్పష్ట శబ్దం.
రాశాను.
నాకైతే స్పష్టంగానే వినిపించింది.

మర్నాడు సెలవు. నిద్ర పట్టక నాలుగింటికే కారు తీశాను.
మట్టిరోడ్డు చివర దీపాలార్పిన బళ్లు అప్పటికే ఏడు.
ఒకటి రోస్కో ట్రక్కు.
"ఊరికే, చూద్దామని" అన్నాడు, నేనేమీ అడగకుండానే,
ఫ్లాస్కు మూత నిండా కాఫీ పోసి ఇచ్చాడు.

తూర్పు బూడిదరంగుకి తిరిగింది.
సేజ్ పొదల మధ్య బోడినేల మీదికి పుంజులొచ్చాయి,
తెల్ల మెడబొచ్చుతో, ముళ్లలా విప్పిన తోకలతో,
తాతల నాటి స్థలానికే.
ఆ స్థలం నడుమ కంపెనీ పాతిన కొయ్య,
దానికి గులాబీ రిబ్బను, గాలికి ఎగురుతూ.

ఒక పుంజు దాన్ని పరాయి పుంజనుకుంది కాబోలు.
రొమ్ము విరుచుకుని ఎదురెళ్లింది.
ఆగింది. అడుగు పక్కకి వేసి మళ్లీ ఎదురెళ్లింది.
కుండలో రెండు చినుకులు.
కొయ్య బదులు పలకలేదు.
రోస్కో ఏదో అనబోయి కాఫీ తాగాడు.

అభిప్రాయాలకి గడువు ఇంకా పదకొండు రోజులుంది.
తొడుగు తీసి, పెట్రోలు రశీదు వెనక
కొంకర్లు పోయే వేళ్లతో లెక్క రాసుకున్నాను,
పదిహేడు.
కాదు, ఆ పొద చాటున ఇంకోటుంది,
పద్దెనిమిది.