నేల మెత్తబడేదాకా

ఫోను మూడో రింగులోపు ఎత్తాలి, మార్కియన్.
నాలుగో రింగుకి అవతలివాళ్ళు
అబద్ధమేమోనని మళ్ళీ మంచం దగ్గరికి వెళ్ళి చూస్తారు.
ఎత్తాక అయ్యో అనకు.
అయ్యో వాళ్ళది.
నువ్వు పేరడుగు, దారిలో మంచు ఎంత లోతుందో అడుగు.

చావు కబురు చల్లగానే వస్తుంది ఈ సస్కాచెవాన్‌లో.
బండి ట్యాంకు సగానికి తగ్గనివ్వకు,
రాత్రి ఇంజను హీటరు తీగ గోడకి గుచ్చి పడుకో.
పోయినవాణ్ణి తేవడానికి వెళ్ళి
మైనస్ నలభైలో మనమే పోతే
మనల్ని తేవడానికి ఇంకో బండి లేదు.

'బాడీ' అనే మాట ఈ గుమ్మం దాటి లోపలికి రాదు.
మా నాన్న ఆ మాటన్న కుర్రాణ్ణి
ఆ పూట జీతం చేతిలో పెట్టి పంపేశాడు.
పేరు పెట్టి పిలువు, గారు చేర్చు,
బతికుండగా ఎవరూ చేర్చకపోయినా.

చవక పెట్టెని మూలన పెట్టకు.
పక్క ఊరివాడు అలాగే పెడతాడు, దుమ్ము కూడా తుడవడు.
పాపం ఆ భార్య కళ్ళు సిగ్గుపడి
ఓక్ చెక్క వైపు జరుగుతాయి.
దాన్ని జేబు కొట్టడం అంటారు.
మన పైన్ పెట్టె తలుపు తీయగానే కనబడాలి,
ధర పెద్ద అంకెల్లో.
ఇలా చేసి నేనేం గడించలేదు.
పైకప్పు కింద బకెట్టు చూశావుగా.

నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి.
ఆయనకేం తెలుస్తుంది అంటావు.
నీ చేతులకి తెలుస్తుంది.
జేబులన్నీ వెతుకు.
స్టెఫానియా బాబిజ్ ఏప్రన్‌కి ఒక జేబులో పొద్దుతిరుగుడు గింజలు,
రెండో జేబులో నమిలిన తొక్కలు.
రెండూ రెండు కవర్లలో ఇచ్చాను.
కూతురు తొక్కల కవరే
చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

ఇక నువ్వడిగింది, వెనక షెడ్డు సంగతి.
నవంబరు చివరికి నేల ఇనుమైపోతుంది.
మన చర్చి తోటలోకి యంత్రాన్ని రానివ్వరు,
పార దిగదు.
అందుకని చలికాలం పోయినవాళ్ళు
ఏప్రిల్ దాకా షెడ్డులోనే ఆగుతారు.
ఆ ఏడాది ఎనిమిదిమంది.
అందులో మెథోడియ్ హ్రింకివ్,
తొమ్మిది రోజులు తిరక్కుండానే పక్క పొలం ఒసిప్ దుద్కా.
ఒక కాలవ గట్టు మీద
ముప్పై ఒక్క ఏళ్ళు మాటల్లేవు వాళ్ళకి.
షెడ్డుకి గది ఒకటే,
మెథోడియ్ పక్కన తప్ప ఖాళీ లేదు.

ఒసిప్ కొడుకు టోపీ అయినా తీయకుండా గుమ్మంలో నిలబడి
"మా నాన్నని వాడి పక్కన పడుకోబెట్టొద్దు" అన్నాడు.
పోయాక ఇంకా పగేమిటి బాబూ అనాలని
నాలిక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
మనది రాజీలు కుదిర్చే పని కాదు, చోటు చూపించే పని.

ఆ రాత్రి ఒక్కదాన్నే
ఏడు పెట్టెలూ జరిపాను.
బల్ల చక్రం కిర్రుమన్నప్పుడల్లా
ఎవరి నిద్రో చెడుతుందన్నట్టు ఆగిపోయేదాన్ని.
చివరికి వాళ్ళిద్దరి మధ్యకి
మిస్ ఎలెనోర్ ప్రిచర్డ్‌ని తెచ్చాను.
తొంభై ఎనిమిదేళ్ళావిడ.
ఇంటి దగ్గర ఇంగ్లీషు ముక్క వినని ఈ పిల్లలిద్దరికీ
ఒకే బల్ల మీద కూర్చోబెట్టి
ఆ ఓనమాలు దిద్దించింది ఆవిడే.

లెక్క కూడా చెప్తాను విను.
నలభయ్యో రోజు ప్రార్థన అయ్యేదాకా బిల్లు పంపకు.
గుడ్లిస్తే తీసుకో, రసీదు రాసివ్వు.
అసలే ఇవ్వనివాణ్ణి దుకాణంలో చూస్తే
నువ్వే ముందు పలకరించు,
లేకపోతే వాడు ఉప్పు కొనుక్కోకుండా వెళ్ళిపోతాడు.

ఏప్రిల్‌లో పార దిగింది.
ఒసిప్ కొడుకు పెట్టె మోయడానికి వచ్చి
మధ్యలో ఎవరున్నారని అడిగాడు.
చెప్పాను.
టోపీ తీశాడు.
ఆ తర్వాత మెథోడియ్ పెట్టెకి
నాలుగో మనిషి తక్కువైతే వెళ్ళి పట్టాడా అంటే,
లేదు. లారీలో కూర్చుని చూశాడు.
నిజమే చెప్పాలి నీకు.

ఆ బల్ల చక్రానికి నూనె వేయాలి.
అప్పట్నించీ అనుకుంటూనే ఉన్నాను.