నడుస్తదో నడువదో

పోచమ్మమైదాన్ పాతసామాన్ల దుకాణంల
ఇత్తడి చెంబుల కింద దొరికింది యాషికా.
లెన్సుల పాలచారలసొంటి బూజు.
"నడుస్తదో నడువదో నాకెర్క లేదు సార్,
తూకమేస్తే ఇంకా తక్కువే"
అన్నడు ఖాజామియా.

ఆరువందలకు తెగింది.

మీట నొక్కితే
కొంచెంసేపు ఆలోచించి
టిక్కుమన్నది ముసలిగొంతుతోని.
అప్పుడు చూసిన, లెక్కల కిటికీల పదకొండు.
లోపల ఎవరిదో రీలు!
ఎవరి పెండ్లో,
మూతపడకముందు మిల్లుల ఎవరి ఆఖరి షిఫ్టో,
దానిమీద ఈ దుకాణం చీకటి పోసిన.

పన్నెండోది మిగిలింది.
తల వంచితే అద్దంల
కుడి ఎడమయి ఖాజామియా.
ఖల్లాస్ అని తనే అమ్మిన డబ్బా ముందు
కాలరు గుండీ పెట్టుకున్నడు,
తడిచేత్తోని గడ్డం దువ్వుకున్నడు,
ఊపిరి బిగబట్టిండు.

నేనింకా నొక్కలేదు.