ఛందస్సులో పట్టని పేరు

రాయి చెక్కే పెటోసిరిస్ అక్షరానికింతని తీసుకుంటాడు.
అందుకే రాత్రి నుంచీ వేళ్ళ మీద లెక్క కడుతున్నాను:
ఒక గురువు, రెండు లఘువులు,
ఒక గురువు, రెండు లఘువులు.
గుర్రం నడిచినట్టు నడవాలట గ్రీకు పాదం,
నాన్న సమాధి మీదైనా సరే.

ఎ లి ష మా.
వరసగా మూడు లఘువులు, ఆపైన ఒక గురువు.
ఆ నడకలో ఇది ఎక్కడా ఇమడదు.
ముందు పెట్టి చూశాను, చివర పెట్టి చూశాను,
సాగదీసి చూశాను, ఇంకెవరో అయిపోయాడు.

నా దేవుడు విన్నాడు, అని ఆ పేరుకి అర్థం.
దేవుడు విన్నాడేమో గానీ
పద్యం వినిపించుకోవడం లేదు.

ఈ లెక్క నేర్పించింది ఆయనే.
అవిసెనార నేసి నేసి కోసుకుపోయిన చేతులతో
నెలకో ముంతెడు నూనె మోసుకెళ్ళి
పంతులు గుమ్మం బయటే దించి వచ్చేవాడు.
లోపల వాళ్ళ దేవతల బొమ్మలున్నాయని
ఒక్కనాడూ గడప తొక్కలేదు.
నన్ను మాత్రం లోపలికి తోశాడు,
శనివారం తప్ప.
అక్కడ నేను దోసిథియోస్‌ని, ఇంటికొస్తే మత్తన్యాని.
రెండింటికీ దేవుడిచ్చినవాడనే అర్థం.
ఏ దేవుడని బడిలో ఎవరూ అడగలేదు.

మొన్న ఆయన మంచం కింద ఊడుస్తుంటే దొరికింది
నేను మొదటిసారి ఆల్ఫా దిద్దిన కుండపెంకు.
నూనెదీపానికి మూత చేసుకున్నట్టున్నాడు,
సగం అక్షరాలు మసి.
వాటికి ఏది తలో ఏది కాలో
ఆయనకెప్పుడూ తెలీదు.

పెటోసిరిస్ అంటాడు:
"హేడిస్ ఇంటికి పోయాడని రాయి.
మీవాళ్ళూ చాలామంది రాయించుకున్నారు.
లెక్కకి సరిపోతుంది."
సరిపోతుంది. అదే నా బాధ.
నాన్న వెళ్ళింది ఆ ఇంటికి కాదు.
మరెక్కడికంటే, నాకూ తెలీదు.
మట్టి, అనేవాడు ఆయన. అని ఊరుకునేవాడు.

చివరికి పద్యంలో "నార నేసినవాడు" అని సరిపెట్టాను.
పేరు మాత్రం పైన, పద్యం బయట,
కుడి నుంచి ఎడమకి, ఆయన అక్షరాల్లోనే,
అదే పెంకు వెనక బొగ్గుతో రాసిచ్చాను.

పెటోసిరిస్ దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు,
తలకిందులుగా పట్టుకుని వేలితో లెక్కపెట్టాడు.
"గ్రీకులో అయితే ఏడు. దీంట్లో ఆరే.
ఒక అక్షరం డబ్బులు మిగిలాయి నీకు."

నాన్న పక్కనుంటే
ఇంకొకటి తగ్గించమని బేరమాడేవాడు.