వెనక అట్ట లోపల

మా దుకాణంలో ప్రతి పుస్తకానికీ రెండు ధరలు.
ముందు పేజీలో అంకెల్లో, కొనేవాళ్ళకి.
వెనక అట్ట లోపల, మూలన,
గోటితో గీకితే పోయేంత సన్నటి పెన్సిల్‌తో
రెండో మూడో హీబ్రూ అక్షరాలు, మాకు:
దాన్ని మేం ఎంతకు కొన్నామో.

హీబ్రూలో అక్షరాలే అంకెలు, అది అందరికీ తెలుసు.
అందుకే ముత్తవ్వ రేఖ్లె ఆ వరస చెరిపేసి
పది అక్షరాల మాట ఒకటి కూర్చింది,
ఏ అక్షరమూ రెండోసారి రాకుండా, ఒకటి నుంచి సున్నా దాకా.
ఆల్టోనా రేవు దగ్గర తోపుడుబండి మీద
తాత తండ్రి ఫైబిష్
వెన్ను ఊడిన పంచాంగాలూ, వానకి ఉబ్బిన ప్రార్థన పుస్తకాలూ
అమ్ముకునే రోజులవి.
పక్క బండివాడికి మా లాభం తెలియకూడదు కదా.

ఆ మాట మీకు చెప్పను.
నాన్న నాకు చెప్పింది గ్లాస్గోలో, ట్రాము పై అంతస్తులో.
నాకు తొమ్మిదేళ్ళు, ఒళ్ళో వేడి బఠాణీల పొట్లం.
నా అరచేతిలో వేలితో రాసి
గుప్పిట తనే మూసేశాడు.

బండి గదైంది. గది, గ్రిండెల్ వీధిలో
రెండు కిటికీల కొట్టైంది.
అక్కడ కూర్చున్న యోయెల్ తాత గురించి
నేను విన్నది ఒకటే: వ్యాపారం రాదు.
త్రౌడె అత్త సూపులో ఉప్పు సరిచూస్తూ అనేది,
"ముప్ఫై ఎనిమిది చిట్టా చూశావా, మొదలుకే మోసం.
ఊళ్ళో మనవాళ్ళందరూ అమ్మేసి పోతుంటే
తను కొంటూ కూర్చున్నాడు.
చేతికి ఎముక లేదు, తలకి లెక్క లేదు."
నాన్న ఏమీ అనేవాడు కాదు. రొట్టె ముక్కలు చేసేవాడు.
ఆయన ఆ కొట్టు వదిలొచ్చేటప్పటికి పదహారేళ్ళు.
తాత రాలేదు.
ఆయన ఎక్కిన రైలు మా ఇంట్లో మాటల్లోకి రాదు.

మొన్న మార్చిలో, మంగళవారం,
గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక తలుపులోనే నిలబడింది
బ్రేమెన్ నుంచి వచ్చినావిడ.
వాళ్ళ తాత ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికిందట:
నీడ గడియారాల మీద లాటిన్ పుస్తకం,
లోపల మా కొట్టు చీటీ.
"దోచుకున్నదేమో అని నిద్ర పట్టలేదు" అంది.
ముందు పేజీ తిప్పాను. పన్నెండు మార్కులు. తాత చేతి అంకెలే.
"దోచలేదు, కొన్నారు. చవగ్గా" అన్నాను.
ఆవిడ కూలబడి, కాసేపటికి టీ అడిగింది.

కెటిల్ మరిగేలోగా వెనక అట్ట తెరిచాను,
అలవాటుకొద్దీ.
మూడు అక్షరాలు.
అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను.
మూడు వందల నలభై ఏడు.

పన్నెండుకి అమ్మినదాన్ని.

పురుగు తొలిచిన, రెండు పటాలు చిరిగిన పుస్తకానికి
మూడు వందల నలభై ఏడు
ఏ బుద్ధిమంతుడూ పెట్టడు. బుద్ధిలేనివాడూ పెట్టడు,
వాడైతే మూడు వందల యాభై అంటాడు.
ఆ ఏడు ధర కాదు.
ఎవరో ఈ బల్ల ముందు నిలబడి
ఓడ టికెట్టుకో, ముద్ర వేసేవాడి రుసుముకో
ఎంత తక్కువపడిందో చెప్పి ఉంటారు.
తాత అంతా లెక్కపెట్టి ఇచ్చి,
బదులుగా పుస్తకం తీసుకున్నాడు,
అడిగినవాళ్ళు అడుక్కున్నట్టు ఉండకూడదని.

త్రౌడె అత్త చిట్టా సరిగ్గానే చదివింది.
అంకెల్ని.

ఈ సెప్టెంబరుతో దుకాణం మూసేస్తున్నాను.
పదక్షరాల మాట అడగడానికి నా తర్వాత ఎవరూ లేరు.
ఆవిడ పుస్తకం వెనక్కి తీసుకోనంది, డబ్బూ వద్దంది,
గొడుగు మాత్రం మర్చిపోయింది.
పెన్సిల్ చెక్కి, తాత అక్షరాల కింద,
నేను ఎంతకు కొన్నానో రాశాను:
ఒకటే అక్షరం, పదోది.
ముందు పేజీలో ఏమీ మార్చలేదు.
పన్నెండు.